రుద్రమకి మగపేరు ఎందుకు?

మా మేనల్లుడు కంప్యూటర్‌లో ‘క్రూసేడర్ కింగ్స్’ ఆడుతుంటాడు. మధ్యయుగపు రాజవంశాల ఆట. ఈమధ్య సికింద్రాబాద్ మారేడ్‌పల్లిలోని మా పుట్టింట్లో వాడి పక్కన కూర్చున్నాను. “కూతురికి మామూలు పెళ్లి చేస్తే పిల్లలు అల్లుడి వంశం వాళ్లయిపోతారత్తా. ఆమె తర్వాత రాజ్యం వాళ్లకి పోతే మన ఆట అయిపోయినట్టే” అన్నాడు.

ఆ ఆట మూడో భాగంలో వారసత్వానికి ఐదు పద్ధతులున్నాయి: మగవాళ్లకే, ముందు మగవాళ్లకి, ఇద్దరికీ సమానంగా, ముందు ఆడవాళ్లకి, ఆడవాళ్లకే. ఏది నడుస్తోందో తెర మీద రాసి ఉంటుంది. మార్చుకునే దారీ ఉంది.

మనకి అంత నిజాయితీ లేదు. కొడుకులు లేని గణపతిదేవుడు కూతుర్ని వారసురాల్ని చేశాడని మురిసిపోతాం. కానీ ఆ కూతురు శాసనాల్లో ‘రుద్రదేవ మహారాజు’ కావలసి వచ్చింది. ఆమె తర్వాత రాజ్యం కూతురు ముమ్మడమ్మకి రాలేదు. ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుణ్ణి దత్తత తీసుకుని అతనికిచ్చారు. మార్కోపోలో అయితే రుద్రమని చనిపోయిన రాజుగారి భార్యగా రాసుకున్నాడు. మగవాడి ఖాళీలో ఒక స్త్రీని కూర్చోబెట్టారు తప్ప నియమం మారలేదు.

నా పిహెచ్.డి. చారిత్రక నవలల మీద. బాపిరాజు ‘గోన గన్నారెడ్డి’ నుంచి 2015 నాటి సినిమా దాకా మనం ఆ మగవేషాన్నే ముద్దు చేశాం. ఆ వేషం ఎవరికి అవసరమైందని అడగలేదు. నేనూ ‘వీరనారి’ అని రాసి అధ్యాయం ముగించాను.

ఆ కాలం వేరంటారా? మా నాన్న సొంత సంపాదనతో ఇల్లు కట్టి, వీలునామా రాయకుండా పోయారు. 1956 చట్టం ప్రకారమే అందులో అమ్మకీ అన్నయ్యకీ నాకూ సమాన వాటా. ఉమ్మడి ఆస్తిలో జన్మహక్కు కూడా మన రాష్ట్రంలో పెళ్లికాని కూతుళ్లకి 1985 నుంచీ, దేశమంతటా కూతుళ్లందరికీ 2005 నుంచీ ఉంది. తండ్రి అప్పటికే చనిపోయినా ఆ హక్కు ఉంటుందని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇవన్నీ తెలిసే నేను హక్కు వదులుకుంటూ రిజిస్ట్రారు ఆఫీసులో సంతకం పెట్టాను. ఎవరూ బలవంతపెట్టలేదు. “నీ పెళ్లికి పెట్టాం కదమ్మా, రేపు పుట్టింటికి రాకపోకలుండాలి కదా” అంది అమ్మ. అంతే. అన్నయ్య చీర పెట్టాడు.

అన్నయ్య మంచివాడే. నా పోట్లాట అతనితో కాదు. చెల్లెలి ప్రేమకి సంతకాన్ని రుజువుగా అడిగి, అన్న ప్రేమకి ఏ రుజువూ అడగని ఆ రాయని నియమంతో. చట్టం మారినా అది మారలేదంటే, మనం దాన్ని మంచితనం పేరుతో కాపాడుతున్నాం కనకనే.

ఆ ఇంట్లో నాకు మేనకోడలు కూడా ఉంది. రేపు ఆమె ముందుకీ అదే కాగితం వస్తుంది. “మీ అత్త పెట్టింది కదా” అంటారు. రుద్రమ కథని మనం ఎలా వాడుకున్నామో నా సంతకాన్నీ అలాగే వాడతారు.

అందుకే సిగ్గుపడుతూనైనా రాస్తున్నాను. వేదికల మీద రుద్రమ గురించి మాట్లాడే మనలో ఎంతమందిమి ఆ కాగితం మీద సంతకం పెట్టాం? ముందు అది చెప్పుకుందాం.