కొలిచే పెట్టెకు మరమ్మతు లేదట!

కుక్కర్ గాస్కెట్ సాగిపోతే గాస్కెట్ మారుస్తాం గానీ కుక్కర్ పారేయం. మిక్సీ కప్లర్ అరిగితే కప్లర్ కొంటాం. ఈపాటి ఇంగితం వంటింట్లో అందరికీ ఉన్నదే. మరి వేలకు వేలు పోసి కొన్న ఎలక్ట్రానిక్ సామాను దగ్గరకొచ్చేసరికి "ఇది బాగవదు, కొత్తది తీసుకోండి" అంటే మనమెందుకు తలూపాలి?

మావారిది టీవీలు, ఇన్వర్టర్లు బాగుచేసే షాపు. డాక్టరుకి స్టెతస్కోపు ఎలాగో ఆయనకి ఆసిలోస్కోపు అలాగ. సర్క్యూట్లో వోల్టేజీ ఎలా మారుతోందో తెరమీద గీతల్లా చూపిస్తుంది. నాలుగేళ్ళ కిందట కొన్న ఆ పెట్టె మొన్నామధ్య వెలగడం మానేసింది. సర్క్యూట్ బొమ్మ ఇమ్మని అడిగితే సర్వీసు వాళ్ళు ఇవ్వమన్నారు. బోర్డు మొత్తం మార్చాలట, ఆ ఖర్చుకి ఇంచుమించు కొత్తదే వస్తుంది. ఊళ్ళోవాళ్ళ సామానంతా బాగుచేసే మనిషి తన పనిముట్టు ముందు చేతులు కట్టుకుని కూర్చుంటే నాకు ఒళ్ళు మండింది.

పూర్వం ఇలా ఉండేది కాదు. 1972లో వచ్చిన టెక్‌ట్రానిక్స్ 465 స్కోపునే తీసుకోండి. దాని సర్వీసు మాన్యువల్లో సర్క్యూట్ బొమ్మలు, విడిభాగాల జాబితా, ఎక్కడ ఎంత వోల్టేజీ ఉండాలో అన్నీ అచ్చువేసి ఇచ్చారు. ఆ పుస్తకం పుణ్యమా అని, 50 ఏళ్ళు దాటినా వాటిని బాగుచేసుకుని వాడేవాళ్ళు ఇంకా ఉన్నారు.

ఇప్పటివి తేలిక, చవక, పనితనమూ ఎక్కువే, కాదనను. కొన్ని చిప్పుల కాళ్ళు అడుగున ఉండి మామూలు సోల్డరింగ్ ఐరన్‌కి అందవు. కొన్ని చిప్పులు బజార్లో దొరకవు. అదీ నిజమే. కానీ పవర్ సప్లైలో ఒక్క కెపాసిటర్ పోయినా, ఒక్క నాబ్ అరిగినా మార్చుకోవడానికి అడ్డేమిటి? ఆ బొమ్మ, ఆ విడిభాగం కంపెనీ బయటికి ఇవ్వకపోవడమే.

కంపెనీలు సర్వీసు వివరాలు, విడిభాగాల సమాచారం ఒకచోట పెట్టేందుకు 2022 డిసెంబరులో కేంద్రప్రభుత్వం 'రైట్ టు రిపేర్' పోర్టల్ తెచ్చింది. ఫోన్లు, ఇంటి సామాను, వాహనాలు, వ్యవసాయ పరికరాలు దాని పరిధిలోకి వచ్చాయి. వాటిని బాగుచేసేవాళ్ళ పనిముట్లకీ ఆ న్యాయం జరగాలి. వాళ్ళ చేతిలో కొలిచే పెట్టె లేకపోతే మన ఇంట్లో పాడైన టీవీ కూడా చెత్తబండి ఎక్కాల్సిందే. ఆ ఖర్చు పడేది మన పోపులడబ్బా మీదే కదా!

అందుకే ఏ వస్తువు కొన్నా "దీని విడిభాగాలు దొరుకుతాయా?" అని ముందే అడగండి. రంగు, ఆఫరు తర్వాత చూసుకోవచ్చు.