గిన్నె ఖాళీగా తిరిగివ్వొద్దు!

మన ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. పక్కింటివాళ్లు గిన్నెలో ఏదైనా పెట్టి పంపిస్తే ఆ గిన్నెను ఖాళీగా తిరిగి ఇవ్వం. ఇంట్లో ఏమీ లేకపోతే కాస్త పంచదారైనా వేసి పంపుతాం. ఎవరూ కూర్చోబెట్టి చెప్పకుండానే నేర్చుకున్న పాఠం ఇది. విమానం ఎక్కేటప్పుడు ఆవకాయ, కారప్పొడి, ప్రెషర్ కుక్కర్ అన్నీ గుర్తుపెట్టుకుని సర్దుకున్నాం. ఈ పద్ధతిని మాత్రం అక్కడే వదిలేసి వచ్చాం. దాన్ని మళ్లీ గుర్తుచేసింది ఒక గిన్నెడు పీచ్ పండ్లు!

మేముండేది వాల్డార్ఫ్‌లో. జర్మనీలో నైరుతి వైపు, హైడెల్‌బెర్గ్‌కు దగ్గర్లో ఉన్న చిన్న ఊరు. జనాభా పదిహేను వేలు దాటితే ఎక్కువ. అయినా సాఫ్ట్‌వేర్‌లో ఉన్న మనవాళ్లకి ఈ పేరు కొత్త కాదు. 1972లో ఐబీఎం నుంచి బయటికొచ్చిన ఐదుగురు మొదలుపెట్టిన శాప్ కంపెనీకి ప్రధాన కార్యాలయం ఇక్కడే. అమీర్‌పేటలో ఆ కోర్సు బోర్డులు చూడని తెలుగు కుర్రాడు ఉంటాడా? 2000 ఆగస్టులో జర్మనీ గ్రీన్‌కార్డు పథకం పెట్టింది. 2012లో బ్లూ కార్డు వచ్చింది. ఆ దారుల్లోనే మనవాళ్లు చాలామంది ఈ దేశానికి చేరారు.

ఇక్కడికొచ్చి మూడేళ్లయినా పైవాటాలో ఉండే పెద్దావిడతో మాకు 'హలో' తప్ప వేరే మాట లేదు. ఆవిడ మంచిది కాదని కాదు. మా జర్మన్ అంతంతమాత్రం. పైగా తాలింపు వేసిన ప్రతిసారీ వాసన ఆవిడ కిటికీ దాకా పోతుందేమోనని మాకో బెరుకు. శనివారం కొనుగోళ్లు, ఆదివారం మనవాళ్ల ఇంట్లో బిర్యానీ, సోమవారం మళ్లీ ఆఫీసు... ఇలాగే రోజులు గడిచిపోయాయి.

ఓ ఆగస్టు సాయంత్రం ఆవిడే తలుపు తట్టింది. చేతిలో పెద్ద గిన్నె. నిండా పీచ్ పండ్లు. తన తోటలో చెట్టు విరగకాసిందట. చిన్న చిన్న కాయలు, పైన నూగు, లోపల పులుపు. రెండు తిన్నాం, ఇక మిగతావి ఏం చేయాలో తోచలేదు. పీచ్ పండు మామిడిలా ఆగదు. రెండు రోజులు వదిలేస్తే మెత్తబడిపోతుంది. పారేద్దామంటే మనసొప్పలేదు. ఖాళీ గిన్నె తిరిగిద్దామంటే అసలే ఒప్పలేదు.

అట్లాంటాలో ఉన్న మా వదినకు ఫోన్ చేశాం. పీచ్ పండ్లకు పేరున్న జార్జియా రాష్ట్రంలో ఉంటోంది కదా! "ఇంకేముంది, కాబ్లర్ చేసెయ్యండి. గుడ్డు కూడా అక్కర్లేదు" అంది. కాబ్లర్ అంటే కింద పండ్ల ముక్కలు, పైన పిండి ముద్దలు పెట్టి ఓవెన్‌లో కాల్చే తీపి వంట. కేకులా నున్నగా ఉండదు. రాళ్లు పరిచిన వీధిలా ఎగుడుదిగుడుగా కనిపిస్తుంది.

ఆ తర్వాత తెలిసిన సంగతి మమ్మల్ని ఇంకా ఆకట్టుకుంది. కాబ్లర్ వలసపోయినవాళ్ల వంట. ఇంగ్లండు నుంచి అమెరికా వెళ్లి స్థిరపడినవాళ్లకి అక్కడ తమ ఊళ్లో వండుకునే పుడ్డింగులకు, పైలకు కావలసిన సరుకూ దొరకలేదు, సరైన పొయ్యీ దొరకలేదు. ఉన్నది ఇనపకుండ, కట్టెల మంట. అందులోనే పండ్లు వేసి, పైన పిండి ముద్దలు పెట్టి, మూత పెట్టి, మూత మీద కూడా నిప్పులు పోసి ఉడికించారు. లేమిలోంచి పుట్టిన ఆ వంటే ఇవాళ అమెరికాలో అమ్మమ్మల చేతివంటగా పేరు పడింది.

మూత మీద నిప్పులు అనగానే మాకు గుర్తొచ్చింది మా అమ్మమ్మ కాల్చిన దిబ్బరొట్టె. మందపాటి మూకుడులో మినప్పిండి పోసి, కింద కుంపటి, పైన మూత మీద నిప్పులు. పైన ఎర్రగా కరకరలాడుతూ, లోపల దూదిలా ఉండేది. ఓవెన్ మనది కాదని ఇన్నాళ్లూ అనుకున్నాం. మన అమ్మమ్మలు ఓవెన్ అనే పేరు లేకుండానే ఆ పని చేసేశారు!

ఇక్కడ మన ఇళ్ల సంగతి చెప్పుకోవాలి. విదేశాల్లో తెలుగువాళ్ల ఇంట్లో ఓవెన్ తెరిస్తే ఏముంటుంది? బూరెల మూకుడు, పెనాలు, మూతలు, కుక్కర్ గాస్కెట్. మా ఇంట్లోనూ అంతే. మూడేళ్లు అద్దె కట్టిన ఇంట్లో మేము ఒక్కసారీ వెలిగించని పరికరం అదొక్కటే. ఆ రోజు గిన్నెలన్నీ బయటికి తీశాం.

అంతా సులువుగా అయిపోలేదు లెండి. వదిన 375 డిగ్రీలు అంది. మా ఓవెన్ 250 దగ్గరే ఆగిపోతుంది. అది ఫారన్‌హీట్, మనకి 190 అని తెలిసేసరికి అరగంట. ఆవిడ 'కప్పు' అంటే సుమారు 240 మిల్లీలీటర్లు. ఇక్కడ పిండినీ పంచదారనూ గ్రాముల్లో తూస్తారు. తీరా మొదలుపెడితే బేకింగ్ పౌడర్ లేదు. ఆ రోజు ఆదివారం. జర్మనీలో ఆదివారం దుకాణాలు ఉండవని తెలిసిందే. మనూళ్లో అయితే ఏం చేస్తాం? పక్కింటికెళ్లి అడుగుతాం. ఇక్కడ ఆ పని చేయడానికి పది నిమిషాలు గుమ్మం దగ్గర తటపటాయించాం. చివరికి పైకెళ్లి అడిగాం. ఆవిడ నవ్వేసి రెండు పొట్లాలు ఇచ్చింది. ఇక్కడ దాన్ని బాక్‌పుల్వర్ అంటారు, ఒక పొట్లం అరకిలో పిండికి సరిపోతుంది. నాట్రోన్ అని దొరికేది వంటసోడా, అది వేరని కూడా ఆవిడే చెప్పింది.

చేసుకోవాలనుకునేవాళ్ల కోసం కొలతలు ఇస్తున్నాం. కిలో పీచ్ పండ్లను వేడినీళ్లలో ఒక్క నిమిషం ఉంచి, చన్నీళ్లలో వేస్తే తొక్క ఊడొస్తుంది. గింజ తీసి ముక్కలు కోసి, వంద గ్రాముల పంచదార, సగం నిమ్మకాయ రసం, చెంచా కార్న్‌ఫ్లోర్ కలిపి, 190 డిగ్రీల్లో పది నిమిషాలు ఉంచాలి. ఈలోగా 150 గ్రాముల మైదా, 50 గ్రాముల పంచదార, చిటికెడు ఉప్పు, ఒకటిన్నర టీ చెంచాల బేకింగ్ పౌడర్ కలిపి, 75 గ్రాముల చల్లటి వెన్న వేసి వేళ్లతో రవ్వలా నలపాలి. వంద మిల్లీలీటర్ల పాలు పోసి కలిపి, వేడి పండ్ల మీద ముద్దలు ముద్దలుగా పెట్టాలి. పైన ఎర్రబడేదాకా, 35 నుంచి 40 నిమిషాలు. ఫ్యాన్ ఉన్న ఓవెన్ అయితే 170 చాలు. మేము నాలుగు ఏలకులు దంచి వేశాం. అది మా సంతకం!

ఆవిడ గిన్నె నిండా పెట్టి పైకి తీసుకెళ్లాం. గుమ్మంలో ఇచ్చేసి వచ్చేద్దామనుకుంటే లోపలికి రమ్మంది. సాయంత్రం కాఫీ, దాంతో ఓ కేకు ముక్క... ఇది ఇక్కడివాళ్లకి ఇష్టమైన అలవాటు. ఇందులో ఈ వాసన ఏమిటని అడిగింది. ఏలకులని చెప్పాం. క్రిస్మస్ బిస్కెట్లలో తామూ వేస్తామంది. ఆ గంటలో మేము మాట్లాడిన జర్మన్, అంతకుముందు ఆరు నెలల క్లాసుల్లో కూడా మాట్లాడలేదు. తాలింపు వాసన గురించి భయపడుతూ అడిగాం. "మధ్యాహ్నం ఆకలి పుట్టిస్తున్నారు మీరు" అంది! మూడేళ్లుగా మేము పెట్టుకున్న బెరుకు అంతా మాదే, ఆవిడది కాదు.

సెప్టెంబరులో ఆవిడ గిన్నె మళ్లీ కిందికొచ్చింది. ఈసారి బంగాళాదుంప సూపు, పక్కనే ప్లమ్ పండ్ల కేకు. ఈ ప్రాంతంలో ఆ రెండూ కలిపి తింటారు. మొదట విడ్డూరం అనిపించింది. ముద్దపప్పులో ఆవకాయ కలుపుకునే మనం విడ్డూరం అనొచ్చా? ఆ గిన్నెలో పులిహోర పంపాం.

ఇదంతా మా గొప్ప చెప్పుకోవడానికి రాయడం లేదు. మనలో చాలామంది ఎన్నేళ్లున్నా అతిథుల్లాగే బతుకుతున్నాం. 'వీళ్లు ఎవరితోనూ కలవరు' అని మనమంటాం. అదే మాట వాళ్లు మన గురించి అనుకుంటారేమో ఎప్పుడైనా ఆలోచించామా? జర్మన్ ఆఫీసుల్లో పుట్టినరోజు ఎవరిదైతే కేకు వాళ్లే తేవాలి. మనం సూపర్‌మార్కెట్ డబ్బా పెట్టేసి వచ్చేస్తాం. ఇంట్లో చేసింది తీసుకెళ్లి చూడండి. ఎలా చేశావని నలుగురు అడుగుతారు. మాట అక్కడే మొదలవుతుంది.

'వాళ్ల వంటలు వండితే మనవి మర్చిపోమా?' అని అడిగేవాళ్లున్నారు. దానికి జవాబు ఈ ఊళ్లోనే ఉంది. 1763లో ఇక్కడ ఓ కసాయి ఇంట్లో పుట్టిన జాన్ జాకబ్ ఆస్టర్ కుర్రాడిగా ఉండగానే ఊరొదిలాడు. లండన్ మీదుగా అమెరికా చేరి జంతువుల బొచ్చు తోళ్ల వ్యాపారంలో అక్కడి కెల్లా పెద్ద ధనవంతుడయ్యాడు. 1848లో చనిపోతూ పుట్టిన ఊరి పేదల కోసం 50 వేల డాలర్లు రాసిపెట్టాడు. ఆ డబ్బుతో కట్టిన ఆస్టర్‌హౌస్ ఇప్పటికీ ఇక్కడ ఉంది. తర్వాత అతని వారసులు న్యూయార్క్‌లో కట్టిన హోటల్‌కి ఈ ఊరి పేరే పెట్టారు. ఆపిల్, సెలరీ ముక్కలతో చేసే వాల్డార్ఫ్ సలాడ్ ఆ హోటల్లోనే పుట్టింది. అంటే ఊరి పేరు వలసపోయి పరాయి పళ్లెంలో కూర్చుంది. వెళ్లిన దేశంలో కలిసిపోయినవాడు సొంత ఊరిని మర్చిపోవాలని ఎక్కడా లేదు.

గల్ఫ్‌లో ఒకే గదిలో ఆరేడుగురు సర్దుకుంటున్న మన అన్నదమ్ములు 'మాకు ఓవెన్ ఎక్కడిది?' అనుకోవచ్చు. నిజానికి ఈ పాఠం మీకే ముందు తెలుసు. పక్క మంచం మీద ఉన్నది మలయాళీ అయినా, నేపాలీ అయినా వండినదాంట్లో ఓ ముద్ద పంచుకుంటూనే ఉన్నారు. నేర్చుకోవాల్సింది సొంత వంటగది, తలుపుకి తాళం ఉన్న మాలాంటివాళ్లమే.

పీచ్ పండే కానక్కర్లేదు. మీరున్న చోట ఏ పండు కాస్తే అది. ఈ శనివారం ఓవెన్‌లోని గిన్నెలు బయటికి తీయండి. బేకింగ్ పౌడర్ లేకపోతే పక్కింటి తలుపు తట్టండి. ఉన్నా ఓసారి తట్టండి, తప్పేం లేదు!