ఆన్‌లైన్ క్లాసు సరే.. డ్రైవర్ నిద్ర సంగతేంటి?

ఆటోనో, క్యాబో, లారీనో నడిపే మనిషి లేని ఖాందాన్ మనలో తక్కువ. బండి మీదే కిస్తీ, బండి మీదే పిల్లల ఫీజులు. అందుకే డ్రైవర్ల శిక్షణపై ఢిల్లీలో ఏ రూల్ మారినా అది మన ఇంటి వార్తే.

కేంద్ర రవాణా శాఖ 2025 జూలైలో క్యాబ్ యాప్ కంపెనీలకు కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. యాప్‌లో చేరే ముందు ప్రతి డ్రైవర్‌కు కనీసం 40 గంటల శిక్షణ ఉండాలన్నది అందులో ఒకటి. 2020 నాటి మార్గదర్శకాల్లో ఇది 30 గంటలే. సెంటర్‌కు వెళ్లకుండా ఫోన్‌లోనే పాఠాలు వినే పద్ధతి కూడా పెరుగుతోంది.

శిక్షణ అవసరమే, అందులో అనుమానం లేదు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అంటే రోజుకు దాదాపు 462 మంది. ఇందులో దాదాపు 70 శాతం మరణాలకు అతివేగమే కారణమని ప్రభుత్వ లెక్క. కానీ ఆన్‌లైన్ క్లాసుతోనే పని అయిపోయిందనుకుంటే మూడు చిక్కులున్నాయి.

మొదటిది, పాఠం ఎవరు వింటున్నారు? కమర్షియల్ లైసెన్సుకు 8వ తరగతి పాసవ్వాలన్న రూల్‌ను 2019లో తీసేశారు. పేదలకు అది మంచిదే. కానీ చదవడం రాని అబ్బాజాన్‌కు ఇంగ్లిష్‌లో ప్రశ్నలొస్తే, కొడుకు ఆన్సర్లు నొక్కేస్తాడు. సర్టిఫికెట్ వస్తుంది, నేర్చుకున్నది సున్నా. పాఠాలు తెలుగులో, ఉర్దూలో, మాటలతో, వీడియోలతో ఉండాలి. చివర్లో బండి నడిపించి చూడాలి.

రెండోది, ఆ 40 గంటల కూలి ఎవరిస్తారు? రోజుకు 10 గంటలు లెక్కేసుకున్నా 4 రోజుల సంపాదన పోయినట్టే. కిస్తీ మాత్రం ఆగదు. ఖర్చు కంపెనీ భరించకపోతే డ్రైవర్ వీడియోను ఆన్ చేసి పక్కన పెట్టేస్తాడు.

మూడోది, అసలైనది నిద్ర. 2025 వరకు అమల్లో ఉన్న 1961 నాటి మోటార్ రవాణా కార్మికుల చట్టం ప్రకారం డ్రైవర్ పని రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలుగా ఉండేది. కానీ ఐదుగురికి తక్కువ పనివాళ్లున్న చోట ఆ చట్టం వర్తించేది కాదు. ఇక యాప్‌లో తిరిగే డ్రైవర్‌ను కంపెనీ ఉద్యోగిగానే చూడదు. 2020 మార్గదర్శకాలు అతనికి 12 గంటల హద్దు పెట్టాయి. కిరాయి గిట్టుబాటు కాకపోతే ఆ హద్దు కాగితం మీదే ఉంటుంది. అలసటతో కళ్లు మూతపడే మనిషికి ఏ పాఠమూ గుర్తురాదు.

రోడ్డు సంగతీ మరవొద్దు. 2025 నవంబర్ 3న చేవెళ్ల దగ్గర కంకర టిప్పర్ ఆర్టీసీ బస్సును ఢీకొని 19 మంది చనిపోయారు. విస్తరణ కోసం ఏళ్లుగా ఎదురుచూసిన రోడ్డు అది. డ్రైవర్‌కు పాఠం చెప్పినంత మాత్రాన రోడ్డు వెడల్పు కాదు, లోడు తగ్గదు.

ఈ మార్గదర్శకాలు అమలు చేయాల్సింది రాష్ట్రాలే. శిక్షణ రోజులకు కూలి, పాఠాలు మన భాషలో, పని గంటలపై నిజమైన తనిఖీ.. డ్రైవర్ యూనియన్లు ముందు అడగాల్సినవి ఈ మూడే. ఇక ఇంట్లో మనం చేయగలిగింది ఒకటుంది. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన భాయ్‌ని "ఇంకో ట్రిప్ కొట్టరాదా" అనకుండా, కాసేపు పడుకోనిద్దాం.