సముద్రాలు దాటిన చెట్లు, ఊరు దాటని అత్తమ్మ

మేము ఎక్కడికి బయల్దేరినా కరణ్‌కోటలో ఇంటికి కాపలా మా అత్తమ్మే. మొన్న ఆదివారం మాత్రం పట్టుబట్టి వెంట తీసుకెళ్లాను. తాండూరులో రైలెక్కి లింగంపల్లిలో దిగి, కొత్తగూడ బొటానికల్ గార్డెన్‌కి వెళ్లాం. 274 ఎకరాల తోట!

కాగితంపూల చెట్టు దగ్గర మా అమ్మాయి పాఠం మొదలుపెట్టింది. "నానమ్మా, ఇది బ్రెజిల్ నుంచి వచ్చింది. నువ్వు కూరలో వేసే మిరపకాయ, టమాటా, మన సీతాఫలం కూడా అమెరికా ఖండాలవే. మిర్చిని పోర్చుగీసువాళ్లు ఓడల్లో తెచ్చారు."

"మరి మన కందులో?"

"అవి మాత్రం మనవే!" తాండూరు కందికి 2022లో జీఐ గుర్తింపు వచ్చిందని నేనూ అందుకున్నాను.

అత్తమ్మ నవ్వింది. "గిన్ని చెట్లు సముద్రాలు దాటొచ్చినయ్. దవాఖానకు గాకుండ నేను ఊరు దాటనీకి అరవై ఏండ్లు పట్టింది బిడ్డా."

నాకు మాట రాలేదు.

పెద్దవాళ్లు నడవలేరు, ఎందుకు శ్రమ అంటాం. అది వాళ్ల మీద ప్రేమా, మన సౌకర్యమా? వస్తావా అని ఇన్నేళ్లలో ఒక్కసారైనా అడిగామా? ఆరోజు ముందు అలిసిపోయింది నేనే. ఔషధ మొక్కల దగ్గర బోర్డు చదవకుండానే పేర్లు చెప్పింది ఆవిడ.

ఈసారి షికారుకి వెళ్లేటప్పుడు అత్తనో అమ్మనో అడగండి. ఇంటి కాపలాకి తాళం చాలు. రేపు ఆ వయసు మనకూ వస్తుంది కదా!