మెత్తని చపాతీ, గట్టి మాట

"ఏంటివాళ చపాతీలు అట్టముక్కల్లా ఉన్నాయి?"

ఈ మాట ఒక్కసారైనా పడని ఇల్లాలు మన బొబ్బిలిలోనే కాదు, ఎక్కడైనా అరుదే. అన్నం ముద్దయితే కొత్తబియ్యం అని సర్దుకుంటారు. పప్పు ఉడక్కపోతే నీళ్ళు మంచివి కావంటారు. చపాతీ గట్టిపడితే మాత్రం తప్పు పిండిది కాదు, పెనానిది కాదు, ఇల్లాలిదే! ఆ ఇల్లాలు కొత్తకోడలైతే ఇక చెప్పక్కర్లేదు. "మీ అమ్మ ఇదే నేర్పిందా?" అనే మాట పుట్టింటిదాకా వెళ్ళి వస్తుంది.

అసలు చపాతీ మన అమ్మమ్మల వంటేనా? మన ఉత్తరాంధ్ర వరిపొలాల సీమ. మెట్ట ఊళ్ళలో చోళ్ళు, గంటెలు. పొద్దున్నే చోడి అంబలి తాగి పొలానికి వెళ్ళిన తరాలు మనవి. గోధుమలు మన నేలలో పండేవి కావు. 1956లో అమెరికాతో పి.ఎల్.480 ఒప్పందం కుదిరాక ఓడల్లో వచ్చిన గోధుమలు, 1960ల చివర్లో హరిత విప్లవం తర్వాత పంజాబు, హర్యానాల్లో విరగపండిన గోధుమలు దక్షిణాదికీ చేరాయి. సాలూరు లారీల మీద రాయపూర్ దాకా వెళ్ళొచ్చే డ్రైవర్లు దాబాల్లో తిన్న రొట్టె రుచిని ఇంటికీ తెచ్చుకున్నారు. అంటే రెండు మూడు తరాల కిందట మన వంటిళ్ళలోకి వచ్చిన చుట్టం ఈ చపాతీ. పుట్టుకతో రావలసిన విద్యలాగా ఆడపిల్లని దాంతో కొలవడం ఏం న్యాయం?

ఆ చుట్టాన్ని ఇంట్లో స్థిరంగా కూర్చోబెట్టింది చక్కెరజబ్బు. "రాత్రిళ్ళు అన్నం మానేసి చపాతీ తినండి" అనే మాట ఇప్పుడు ఇంటింటా వినపడుతుంది. ఇందులో కొంత నిజం, కొంత భ్రమ ఉన్నాయి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టికలు చూస్తే, వంద గ్రాముల గోధుమపిండిలో పీచు సుమారు 11 గ్రాములు, తెల్లబియ్యంలో 3 గ్రాముల లోపు. మాంసకృత్తులు కూడా గోధుమల్లోనే కాస్త ఎక్కువ. కానీ వంద గ్రాముల గోధుమపిండిలోనూ పిండిపదార్థం 64 గ్రాముల దాకా ఉంది. కాబట్టి చపాతీ మందుబిళ్ళ కాదు. అన్నం కొలత తెలీకుండా తింటాం, చపాతీని లెక్కపెట్టుకుని తింటాం. మేలు చాలావరకు ఆ లెక్కలో ఉంది. రెండు చపాతీలతో ఆగితే మేలు, మెత్తగా ఉన్నాయని ఆరు తింటే అన్నం తిన్నట్టే.

సరే, మెత్తదనం సంగతి చూద్దాం. ఇది హస్తవాసి కాదు. పిండి, నీళ్ళు, సమయం, సెగ. ఈ నాలుగూ అర్థమైతే ఎవరికైనా వస్తుంది.

గోధుమపిండిలో ఉండే మాంసకృత్తులు నీళ్ళు తగలగానే ఒకదానికొకటి అల్లుకుని సాగే జిగురవుతాయి. దాన్నే గ్లూటెన్ అంటారు. అది చాలినంత నీరు తాగితేనే సాగుతుంది. మనలో చాలామంది చేతికి అంటుకుంటుందని భయపడి పిండి గట్టిగా కలుపుతాం. గట్టి ముద్ద గట్టి చపాతీయే అవుతుంది. రెండు గ్లాసుల పిండికి ముప్పావు గ్లాసు నుంచి గ్లాసు దాకా గోరువెచ్చని నీళ్ళు పడతాయి. ఒక్కసారే పొయ్యకుండా కొద్దికొద్దిగా పోస్తూ, ఐదారు నిమిషాలు అరచేతి మొదలుతో నొక్కి మర్దించండి. ముద్ద చెవితమ్మె అంత మెత్తగా ఉండాలి. మరలో ఆడించిన పిండి, కొన్న పాకెట్ పిండి ఒకేలా నీళ్ళు తాగవు. అందుకే నీళ్ళ లెక్క గ్లాసు కన్నా చేతికే బాగా తెలుస్తుంది.

తర్వాత తడిగుడ్డ కప్పి అరగంట వదిలెయ్యండి. ఈ అరగంటే అసలు కిటుకు. పిండిలోని పొట్టు నెమ్మదిగా నీరు పీల్చుకుంటుంది, బిగిసిన జిగురు సడలుతుంది. ఎంత వత్తినా వెనక్కి ముడుచుకుపోయే చపాతీ విశ్రాంతి చాలని చపాతీ. (ఈ సూత్రం మనుషులకీ వర్తిస్తుందని వేరే చెప్పాలా?)

ఆ రెండు గ్లాసుల పిండికి పది చపాతీల దాకా వస్తాయి. పొడిపిండి తక్కువ చల్లండి. అది పెనం మీద మాడి, చపాతీని ఆరబెడుతుంది. మనవైపు నూనె రాసి నాలుగు మడతలు వేసి వత్తే పద్ధతి ఉంది కదా, అది మంచి పద్ధతి. పొరల మధ్య నూనె ఉండటంవల్ల అవి అంటుకోవు, చల్లారినా కొంతసేపు మెత్తగా ఉంటాయి. నూనె వద్దనుకున్నవాళ్ళకి పుల్కా ఉండనే ఉంది.

ఇక సెగ. గ్యాసు కలిసొస్తుందని మంట తగ్గిస్తే మొదటికే మోసం. చపాతీ ఎక్కువసేపు పెనం మీదుంటే అందులో నీరంతా ఆవిరై అప్పడమవుతుంది. పెనం బాగా కాలాలి. రంగు మారి చిన్న బుడగలు రాగానే తిప్పాలి, రెండోవైపు కాలనిచ్చి మళ్ళీ తిప్పి, గుడ్డతో అంచులు నొక్కాలి. లోపలి నీరు ఆవిరై పొరల్ని విడదీస్తే పొంగుతుంది. దించగానే గుడ్డ పరిచిన డబ్బాలో మూత పెట్టండి. ఆవిరి బయటికి పోదు, మూతకి పట్టిన చెమ్మ గుడ్డ పీల్చుకుంటుంది. చేసిన చపాతీలు ఫ్రిజ్‌లో పెట్టకండి. చల్లదనానికి పిండిపదార్థం త్వరగా బిగుసుకుంటుంది.

ఇంతే. ఇందులో ఆడవాళ్ళకి మాత్రమే చేతనయ్యేది ఏముందో మీరే చెప్పండి.

మన పక్కనే గొల్లపల్లిలో ఒకే పనసదుంగను తొలిచి బొబ్బిలి వీణ చేస్తారు. తండ్రి కొడుక్కి ఏళ్ళ తరబడి ఓపిగ్గా నేర్పుతాడు. చెడగొట్టిన చెక్క కూడా నేర్చుకోవడంలో భాగమే. దాన్ని విద్య అంటాం, మెచ్చుకుంటాం. వంటింట్లో చేతిపనికి మాత్రం నేర్చుకునే గడువు లేదు, మొదటిరోజునుంచే పరీక్ష! విజయనగరం దారిలో ఏ దాబా దగ్గర ఆగినా రొట్టెలు కాల్చేవాడు మగవాడే. పెళ్ళి వంటల్లో గాడిపొయ్యి ముందు నిలబడేవాడూ మగవాడే. కూలి వచ్చేచోట మగపని అయినది, ఇంటికొచ్చేసరికి ఆడపని ఎలా అవుతుందో ఆలోచించండి.

ఇంకో సంగతి. చపాతీ వేడిమీదే బాగుంటుంది. అందుకని ఒక్కొక్కరూ కూర్చోవడం, ఆవిడ ఒక్కొక్కటీ కాల్చి వెయ్యడం. "ఇంకోటి వెయ్యి" అన్న పిలుపు ఆగేసరికి తొమ్మిదిన్నర. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. వడ్డించేది తానే అయినా, తనకి మాత్రం కడబంతిలో మిగిలేవి చినిగినదీ, మాడినదీ, చల్లారినదీ! ఒంటరిగా, గోడకి జారబడి తినే ఆ రెండు చపాతీలు మెత్తగా ఉన్నాయో లేదో అడిగేవాళ్ళుండరు. ఆవిడకీ చక్కెరజబ్బు ఉండొచ్చు, వేళకి తినాల్సిన మాత్ర ఉండొచ్చు.

కేంద్ర ప్రభుత్వ గణాంకశాఖ 2019లో జరిపిన సమయ వినియోగ సర్వేలో తేలిన లెక్క వినండి. జీతంలేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు అందుకు రోజుకి సగటున 299 నిమిషాలు వెచ్చిస్తున్నారు. మగవాళ్ళలో ఆ పని ముట్టుకునేవాళ్ళే నూటికి 26 మంది. వాళ్ళు చేసేదీ 97 నిమిషాలే. 2024లో మళ్ళీ జరిపితే ఆ అంకెలు 289, 88. అయిదేళ్ళలో మనకి దక్కిన వెసులుబాటు పదినిమిషాలు! ఒక ముద్ద నానడానికి కూడా చాలదు.

అలాగని చపాతీ మానెయ్యమనడం లేదు. పిల్లలకిష్టం, పెద్దలకవసరం. పద్ధతి మారాలంటున్నాను. ఒకరు వత్తితే ఒకరు కాల్చాలి. పది చపాతీల పని పావుగంటలో తేలుతుంది. అన్నీ కాల్చి గుడ్డలో చుట్టి, అందరూ ఒకేసారి కూర్చోవాలి. పెనం మీదనుంచి నేరుగా కంచంలోకి రాకపోతే ప్రాణం పోదు. వారానికి రెండు రాత్రులు చోడి సంకటో, చోడిరొట్టో చేసుకుంటే ఒంటికీ మంచిది, చేతులకీ విశ్రాంతి. కూతురికి నేర్పేటప్పుడు కొడుకునీ పీట ముందు కూర్చోబెట్టండి. రేపు చదువుకని హైదరాబాదో, ఉద్యోగానికని బెంగళూరో వెళితే వాడి కడుపు నింపేది ఆ విద్యే.

పత్రికల్లో కార్టూన్లు వేసేవాళ్ళు ఎన్నో ఏళ్ళుగా అప్పడాల కర్రని ఆడవాళ్ళ ఆయుధంగా చూపించి నవ్వించారు. ఆ ఆయుధాన్ని ఈ ఆదివారం మీవారి చేతికి అందించండి. మొదటి చపాతీ ఏ దేశపటంలాగో వస్తుంది, రానివ్వండి. "మీ అమ్మ నేర్పలేదా?" అని మాత్రం అడక్కండి. ఆ మాట ఎంత గట్టిగా తగులుతుందో మనకి తెలుసు కదా!