ఆప్షన్ పెట్టకముందే హాస్టల్ తలుపు తీయండి

పెద్దమండ్యం మండలంలో ఇంటర్ పూర్తిచేసిన పిల్లలకు, వాళ్ళ తల్లిదండ్రులకు, మదనపల్లె, పుంగనూరు, కుప్పం కాలేజీల యాజమాన్యాలకు విన్నపం

ఇంటర్ పాసైన పిల్లలు ఎండాకాలం చివర నెట్ సెంటర్లో కూర్చుని వెబ్ ఆప్షన్లు పెడతారు. ఇంజనీరింగైతే ఈఏపీసెట్ కౌన్సెలింగ్, డిగ్రీ అయితే ఓఏఎండీసీ. పద్ధతి రెండింటికీ ఇంచుమించు ఒకటే: కాలేజీ కోడ్, కోర్సు, ఊరు, ఫీజు చూసి వరుస నంబర్లు ఇవ్వాలి. మదనపల్లె ముందా, పుంగనూరు ముందా, కుప్పమా అన్నది ఆ కాసేపట్లో తేలిపోతుంది. మన పిల్ల మూడేళ్ళో నాలుగేళ్ళో ఏ గదిలో ఉంటుంది, ఆ గదిలో ఇంకెంతమంది ఉంటారు, బోరు ఎండిన నెలలో నీళ్ళు ఎక్కడినుంచి వస్తాయి, క్లాసులు అయిపోయాక సాయంత్రం ఏం చేస్తుంది అన్నవి మాత్రం ఆప్షన్లు పెట్టే ఇంటికి తెలియవు. సీటు వచ్చి, ఫీజు కట్టి, సర్టిఫికెట్లు అప్పజెప్పి, పెట్టె సర్దుకుని వెళ్ళిన రోజున తెలుస్తాయి. ఈ వరుస తలకిందులుగా ఉంది. ఆప్షన్ల గడువు మొదలయ్యే లోపే ప్రతి కాలేజీ తన వసతి వివరాలు బయటపెట్టాలి, చూసిపోవడానికి వచ్చినవాళ్ళకు గేటు తీయాలి. ఈ కరపత్రం అడుగుతున్నది ఇదే.

ముందు డబ్బు సంగతి చూద్దాం. ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక చాలా ఇళ్ళలో చదువు ఖర్చంటే కాలేజీ ఫీజే అన్న లెక్క పడిపోయింది. ఆ ఫీజులో ప్రభుత్వం భరించే భాగం పోను, ఇంటిమీద నెలనెలా పడే బరువు హాస్టల్, మెస్, బస్సు. ఆ బరువు నిజమని ప్రభుత్వమే ఒప్పుకుంది. 2020 ఫిబ్రవరిలో మొదలైన వసతి దీవెన పథకంలో ఐటీఐ పిల్లలకు ఏడాదికి 10,000, పాలిటెక్నిక్‌కు 15,000, డిగ్రీ, ఆపై చదువులకు 20,000 రూపాయలు నిర్ణయించారు. ఇరవై వేలను పది నెలలకు పంచితే నెలకు రెండు వేలు. ఆ రెండు వేలకు పడక, మూడు పూటల తిండి, కరెంటు వస్తాయా అన్నది ఏ ఇల్లాలైనా వేలి మీద లెక్కేసి చెప్పగలదు. మిగిలింది ఇంటివాళ్ళే పూడ్చాలి. ఆ డబ్బు అడిగే కాలమైనా అనుకూలమైనదా అంటే, కాదు. హాస్టల్ అడ్వాన్సు కట్టమనేది చెనక్కాయ విత్తనానికి, ఎరువుకు అప్పుచేసే రోజుల్లోనే. చెనక్కాయ చేతికొచ్చేది అక్టోబరు, నవంబరుల్లో. టమోటా ధర సంగతి మదనపల్లె మార్కెట్ ఎరిగిన వాళ్ళకు చెప్పక్కర్లేదు, ఈ వారం నిలబెడుతుంది, వచ్చే వారం పారబోయిస్తుంది. ఇట్లాంటి రాబడి ఉన్న ఇంటికి ఏడాది వసతి ఖర్చు ఎంతో, ఎన్ని విడతల్లో కట్టాలో రెండు నెలలు ముందు తెలియడం చిన్న మేలు కాదు. చేరాక తెలిస్తే మిగిలే దారి వడ్డీ అప్పు, లేదా చదువు మానిపించడం.

డబ్బు కంటే లోతైన విషయం ఇంకొకటి ఉంది. కాలేజీ అంటే క్లాసు, పరీక్ష, మార్కుల జాబితా అనుకుంటాం. మన పక్కనే ఉన్న చరిత్ర వేరే మాట చెబుతుంది. 1915లో అనీబిసెంట్ మదనపల్లెలో దివ్యజ్ఞాన సమాజం తరఫున కాలేజీ పెట్టించారు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడికి వచ్చి, ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ అతిథిగా కొన్నాళ్ళు ఉన్నారు. జనగణమనను ఠాగూర్ పిల్లలకు పాడి వినిపించింది, మార్గరెట్ కజిన్స్ దానికి స్వరలిపి రాసింది, ఆయనే ఆ గీతాన్ని ఇంగ్లీషులోకి తెచ్చింది ఆ ప్రాంగణంలోనే. ఏ సిలబస్‌లోనూ లేని పని అది. గురువులు, పిల్లలు, అతిథులు ఒకే ఆవరణలో కలిసి మసలినందువల్ల జరిగింది. మదనపల్లెలోనే పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి దగ్గరలోనే రిషివ్యాలీ బడి పెట్టించారు, అక్కడా పిల్లలూ ఉపాధ్యాయులూ ఒకే ఆవరణలో కలిసి బతుకుతారు. 1997లో ఏర్పడిన కుప్పం ద్రావిడ విశ్వవిద్యాలయం దక్షిణాది భాషలన్నీ ఒకచోట చేరాలన్న ఆశతో, పొరుగు రాష్ట్రాల తోడ్పాటుతో, మూడు రాష్ట్రాల సరిహద్దులో వెలిసింది. తెలుగు శాఖలో చేరిన విద్యార్థికి తమిళం, కన్నడం తరగతి గదిలో వినపడవు, మెస్సు వరుసలో వినపడాలి. అక్కడ హాస్టల్ బాగుండటమంటే ఆ విశ్వవిద్యాలయం పుట్టిన ఉద్దేశం నెరవేరడమే.

ఇట్లా కలిసి మసలడం చదువు నిలబడటానికీ అవసరమే. అమెరికాలో విన్సెంట్ టింటో అనే విద్యావేత్త పిల్లలు కాలేజీ ఎందుకు మానేస్తారన్న ప్రశ్న మీద 1975 నుంచి రాస్తూ వచ్చారు, 1987లో దానిమీదే ఒక పుస్తకం వేశారు. తెలివి చాలకో డబ్బు చాలకో మాత్రమే మానరని, అధ్యాపకులతో, తోటివాళ్ళతో ముడిపడని పిల్లలు మెల్లగా జారిపోతారని ఆయన వాదన. అమెరికా పరిస్థితి మనది కాదు, ఇక్కడ డబ్బు పాత్ర ఇంకా పెద్దది. అయినా కలిచెర్ల నుంచి మొట్టమొదటిసారి పట్నంలో చదువుకోబోయే పిల్లకు, ఇంట్లో కాలేజీ ముఖం చూసినవాళ్ళు ఎవరూ లేని పిల్లవాడికి ఆ మాట ఇంకా గట్టిగా వర్తిస్తుంది. వాళ్ళకు అర్థంకాని పాఠం చెప్పేది పక్క మంచం మీది స్నేహితుడే. స్కాలర్‌షిప్ గడువు గుర్తుచేసేది పై గదిలోని సీనియరే.

అందుకని ప్రతి కాలేజీ ఏటా ఏప్రిల్ నెలాఖరుకు ఒక్క పేజీ వసతి పత్రం రాసి, ప్రిన్సిపాల్ సంతకంతో తన గేటు దగ్గరా, వెబ్‌సైట్లోనూ పెట్టాలి. మొదటి ఏడాది ఎంతమందిని చేర్చుకుంటున్నారు, వాళ్ళకు ఎన్ని పడకలున్నాయి, గదికి ఎంతమంది, ఎన్ని మరుగుదొడ్లు అన్నవి అంకెల్లో ఉండాలి. మెస్సు బిల్లు ‘సుమారు’ అని రాయకూడదు, కిందటి ఏడాది నెలనెలా నిజంగా వసూలు చేసింది రాయాలి. అడ్వాన్సు ఎంత, మధ్యలో వెళ్ళిపోతే ఎంత తిరిగిస్తారు అన్నది తేలాలి. నీళ్ళ సంగతి తప్పనిసరి: బోరా, మునిసిపల్ కొళాయా, ట్యాంకరా, మే నెలలో ఏం చేస్తారు. లైబ్రరీ రాత్రి ఎన్ని గంటల దాకా, ఆటస్థలం ఉందా, సాహిత్య సంఘమో నాటక బృందమో ఎన్‌ఎస్‌ఎస్ పథకమో నడుస్తోందా, వార్డెన్ హాస్టల్లోనే కాపురముంటారా అన్నవి కూడా. ఇంత రాయడానికి ఒక గుమాస్తాకు ఒక పూట చాలు. ఆ పత్రం బయటికొచ్చాక ఒక ఆదివారం గేటు తీసి, వచ్చిన తల్లిదండ్రులకు గదులు చూపించి, పిల్లలు తినే భోజనమే పెట్టాలి. డబ్బు తీసుకునే పెట్టండి, అభ్యంతరం లేదు.

యాజమాన్యాలు ముందుగా అనే మాట ఒకటుంది: మా హాస్టల్లో కొందరే ఉంటారు, మిగతావాళ్ళు బయట గదులు చూసుకుంటారు, వాటితో మాకేం పని అని. ర్యాగింగ్ నివారణకు యూజీసీ 2009లో చేసిన నిబంధనలు ఈ సాకును ఒప్పుకోవు. బయటి ప్రైవేటు హాస్టళ్ళు, లాడ్జీలు పోలీసుల దగ్గర నమోదు కావాలని, వాటికి విద్యాసంస్థ అధిపతి సిఫారసు ఉండాలని, అక్కడ జరిగేదాని మీదా సంస్థ కన్నేసి ఉండాలని అవి చెబుతున్నాయి. కాబట్టి చుట్టుపక్కల నమోదైన హాస్టళ్ళ పేర్లు వసతి పత్రం వెనకవైపు అచ్చువేయడం కొత్త భారమేమీ కాదు. రెండో అనుమానం మనవాళ్ళదే: కాలేజీ వాళ్ళు రాసింది నిజమని ఏం నమ్మకం అని. నమ్మమని ఎవరూ అనడం లేదు. ‘అన్ని సౌకర్యాలతో కూడిన హాస్టల్’ అన్న మాటను ఎవరూ పరీక్షించలేరు. ‘120 పడకలు, 15 మరుగుదొడ్లు’ అని సంతకం పెట్టి రాస్తే ఏ తండ్రైనా వెళ్ళి లెక్కపెట్టుకోవచ్చు. ప్రచారానికీ ప్రకటనకూ ఉన్న తేడా ఆ సంతకంలోనే ఉంది.

పాస్ తీసుకుని రోజూ బస్సులో పోయొస్తే సరిపోదా అన్నది న్యాయమైన ప్రశ్న. ఊరు రోడ్డు మీద ఉండి, బస్సు వేళకు వస్తే, ఇంటి సంగటి తిని చదువుకోవడం మంచిదే. అట్లా చదివి పైకొచ్చిన వాళ్ళు ఎందరో ఉన్నారు. అయితే చివరి బస్సు కోసం ల్యాబు మధ్యలో లేచివచ్చే పిల్లకు కాలేజీలో సగమే దక్కుతుంది. ఆ పిల్ల కోసం కాలేజీ చేయగలిగినవి ఉన్నాయి: మధ్యాహ్నం కూర్చోవడానికి ఒక గది, బస్సు వేళను బట్టి ల్యాబు టైము, పరీక్షల నెలలో కొన్ని పడకలు. ఇవి ఉన్నాయో లేదో కూడా పత్రంలో రాయమంటున్నాం.

ఆడపిల్లల హాస్టల్ గురించి తల్లిదండ్రులకు నేరుగా ఒక మాట చెప్పాలి. ఇంటర్‌ను రెసిడెన్షియల్ కాలేజీల్లో చదివించి, మూసిన గేటే మంచి హాస్టల్‌కు గుర్తు అని మనం అలవాటుపడ్డాం. భయం అబద్ధం కాదు. కానీ లైబ్రరీ రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉండి, అమ్మాయిల గేటు ఆరింటికే మూస్తే, ఆ పుస్తకాలు సగం మందికే దక్కుతాయి. 2013లో యూజీసీకి అందిన సక్షమ్ నివేదిక, భద్రత పేరు చెప్పి అమ్మాయిలకు మాత్రమే వేరే ఆంక్షలు పెట్టరాదని స్పష్టంగా అన్నది. గేటు ఎన్నింటికి మూస్తారని అడిగే తల్లిదండ్రులు, లైబ్రరీ నుంచి హాస్టల్ దాకా దీపాలున్నాయా, దారిలో కాపలా ఉందా, వార్డెన్ రాత్రి ఫోనెత్తుతారా అని కూడా అడగాలి. ఆడపిల్లను కాపాడేవి అవే.

ప్రభుత్వ సంక్షేమ హాస్టళ్ళ విషయంలో కోరేది వేరు. కాలేజీలో చేరిన తర్వాతే అక్కడ సీటు సంగతి తేలితే, పేద పిల్లలకు ఆ వసతిని నమ్ముకుని కాలేజీ ఎంచుకునే వీలుండదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పంలలో ఏ కాలేజీ హాస్టల్లో ఈ ఏడాది ఎన్ని ఖాళీలు రాబోతున్నాయో సాంఘిక సంక్షేమ, బీసీ సంక్షేమ శాఖలు మే నెలలోనే మండల కార్యాలయాల్లో అంటించాలి. చివరి ఏడాది పిల్లలు ఎంతమందో వాళ్ళ రిజిస్టర్లలో ఉన్నదే.

ఎవరో చేసేదాకా మనం ఆగనక్కర్లేదు. ద్రావిడ విశ్వవిద్యాలయం, ప్రభుత్వ కాలేజీలు, సంక్షేమ హాస్టళ్ళు 2005 నాటి సమాచార హక్కు చట్టం కిందికి వస్తాయి. తెల్ల కాగితం మీద పైన చెప్పిన ప్రశ్నలు రాసి, పది రూపాయల ఫీజుతో పంపితే 30 రోజుల్లో జవాబివ్వాలి. ప్రైవేటు కాలేజీలకు అవే ప్రశ్నలు మామూలు ఉత్తరంగా పంపండి, జవాబివ్వని కాలేజీ పేరు కూడా పంచాయతీ బోర్డు మీద రాయండి. ఇంటర్ ఫలితాలు ఏప్రిల్‌లో వస్తున్నాయి. ఈఏపీసెట్ మే నెలలో జరుగుతోంది, ఆప్షన్లు ఆ తర్వాతే. జవాబుకు నెల, వెళ్ళి చూసి రావడానికి రెండు ఆదివారాలు కావాలి. కాబట్టి ఉత్తరాలు మే మొదటి వారంలో పోస్టులో పడాలి. ఏ ఊళ్ళో ఎవరు రాస్తారో ఫలితాలొచ్చిన వారంలోనే రచ్చబండ దగ్గర కూర్చుని పంచుకోండి.