బొమ్మల గళ్ళలో మా చోటేది?

బొమ్మల కథల్ని పిల్లల కాలక్షేపమని తీసిపారేసేవాళ్ళతో మాకు పేచీ ఉంది. బడిలో చదివిన చరిత్ర పరీక్షతోపాటే పోతుంది. ఎనిమిదేళ్ళ వయసులో బొమ్మల పుస్తకంలో చూసిన చరిత్ర మాత్రం ఒక పట్టాన పోదు. శివాజీ ఎట్లా ఉంటాడో, ఔరంగజేబు ఎట్లా ఉంటాడో ఈ దేశంలో చాలామందికి చెప్పింది చరిత్రకారులు కాదు, బొమ్మలు గీసినవాళ్ళు. కనుక అది పెద్దలు మాట్లాడుకోవాల్సిన సంగతే.

ఈమధ్య నరసరావుపేటలో ఒక చిన్న ప్రదర్శన చూశాం. కామిక్స్ పద్ధతిలో కుర్ర చిత్రకారులూ బడిపిల్లలూ గీసిన బొమ్మలు. ఒక గోడ నిండా పల్నాటి వీరుల కథ. బ్రహ్మనాయుడి చాపకూడు, నాయకురాలి కోడిపోరు, కారెంపూడి రణరంగంలో బాలచంద్రుడు, పక్కనే మాల కన్నమదాసు. ఆ గోడ ముందు మేమూ పల్నాటివాళ్ళంగానే నిలబడి మురిసిపోయాం. అది 12వ శతాబ్దపు కథ. అందులో మేం లేమని ఏ ముస్లిమూ అలగడు.

పక్క గోడ దగ్గరికి వచ్చేసరికి మేం పరాయివాళ్ళమైపోయాం. అక్కడ కోటలు కూలుతున్నాయి, గుళ్ళు కాలుతున్నాయి. కత్తి దూసినవాడికి గుబురు గడ్డం, ఎర్రటి కళ్ళు, వెనక ఆకుపచ్చ జెండా. నోటి దగ్గరి మాటల బుడగలో వచ్చీరాని తెలుగు. మొత్తం ప్రదర్శనలో ముస్లిం కనిపించింది ఆ ఒక్క గోడ మీదే.

గీసిన పిల్లల్ని మేం తప్పు పట్టం. వాళ్ళకి మామీద పగ ఏముంటుంది? చూసిందే గీశారు. అడగాల్సింది వాళ్ళకి చూపించినవాళ్ళని.

1967లో అనంత్ పాయ్ 'అమర్ చిత్ర కథ' మొదలుపెట్టాడు. పిల్లలకి గ్రీకు పురాణాలు తెలుసుగానీ మన కథలు తెలియవన్న బాధతో మొదలైన పని అది. మంచి పనే. కానీ ఆ 'మన'లో మేం ఎక్కడున్నాం? 'శివాజీ' పుస్తకంలో అఫ్జల్ ఖాన్‌గా ఉన్నాం, ఔరంగజేబుగా ఉన్నాం. 'అక్బర్ కూడా ఉన్నాడు కదా, రజియా, చాంద్ బీబీ, టిపూ సుల్తాన్ ఉన్నారు కదా' అని సెక్యులర్ మిత్రులు అంటారు. ఉన్నారు. అయితే సింహాసనం మీద ఉండాలి, లేదంటే గుడి ముందు కత్తి పట్టుకుని ఉండాలి. మంచి పాదుషా, చెడ్డ పాదుషా. మా ముత్తాతల్లో పాదుషా ఎవరండీ? పత్తి పండే ఈ నేలమీద దూది ఏకి పరుపులు కుట్టినవాళ్ళు మావాళ్ళు. పిడుగురాళ్ళ సున్నం బట్టీల దగ్గర, మిరప కల్లాల్లో ఒళ్ళు మండించుకున్నవాళ్ళు మావాళ్ళు. వాళ్ళ కథకి ఒక్క గడి కూడా దొరకలేదు.

తెలుగువాళ్ళ 'చందమామ' సంగతీ చెప్పుకోవాలి. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి పెట్టిన ఆ పత్రిక మా ఇళ్ళలోకీ వచ్చింది. శంకర్, చిత్రా, వడ్డాది పాపయ్యల బొమ్మలు చూస్తూ పెరిగాం. అరేబియా కథలు కూడా అందులోనే చదివాం. ఆ రుణం కాదనం. కానీ ఆ కథల్లోని ముస్లింది ఎప్పుడూ దూరదేశమే. బాగ్దాదులో ఉన్నాం గానీ బెల్లంకొండలో లేం.

ఇక ఆ వచ్చీరాని తెలుగు. సినిమావాళ్ళు నవ్వించడానికి పెట్టిన భాష అది. గురజాల సంతలోనో, మాచర్ల బస్టాండులోనో పది నిమిషాలు నిలబడండి. అక్కడి సాయిబు మాటకీ కమ్మ రైతు మాటకీ తేడా చెప్పగలరా? ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, రెండూ మావే. పీర్ల పండగనాడు గుండం చుట్టూ అడుగు కలిపే హిందువులకి తెలిసిన ఈ సంగతి కుంచె పట్టినవాళ్ళకి ఎందుకు తెలియదు?

మా పెద్దలకీ ఒక మాట. తస్వీర్ హరామ్ అని పిల్లవాడి చేతిలో పెన్సిల్ లాక్కుంటారు. పెళ్ళి వీడియోకీ, ఆధార్ ఫొటోకీ అడ్డం రాని ఆ మాట బొమ్మల నోటుపుస్తకానికే ఎందుకు అడ్డం వస్తుంది? 1560లలో అక్బర్ కొలువులో మొదలైన హంజానామాకి దాదాపు 1400 బొమ్మలు గీశారు. మీర్ సయ్యద్ అలీ, అబ్దుస్ సమద్ నడిపించిన ఆ పనిలో దస్వంత్, బసావన్ లాంటి హిందూ చిత్రకారులూ ఉన్నారు. బొమ్మతో కథ చెప్పడం మనకి కొత్త కాదు. మనం గీయకపోతే మన ముఖం గీసే పని ఆగిపోదు, ఇంకొకడి చేతికి పోతుంది.

ఈ నేలకీ అది కొత్త కాదు. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలపు శిల్పులు బుద్ధుడి కథని రాతి పలకల మీద గడులు గడులుగా చెక్కారు. దళితులూ ఆదివాసులూ మనకంటే ముందే మేలుకున్నారు. అంబేద్కర్ జీవితాన్ని దుర్గాబాయి వ్యాం, సుభాష్ వ్యాం గోండు బొమ్మల్లో చెప్పిన 'భీమాయన' 2011లో వచ్చింది. అమెరికాలో 2014లో కమలా ఖాన్ అనే పాకిస్తానీ కుటుంబపు పిల్ల సొంత కామిక్ పుస్తకానికి నాయిక అయింది. ఆ కథ రాసింది ముస్లిం స్త్రీ విల్లో విల్సన్, ఎడిటర్లలో ఒకరు సనా అమానత్. మన సాహిత్యంలో 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ', 1998లో 'జల్‌జలా' మా గొంతుని మాకిచ్చాయి. గొంతు వచ్చింది, ముఖం ఇంకా రాలేదు.

మేం ఏ బొమ్మనీ చింపమనడం లేదు, ఏ పుస్తకాన్నీ నిషేధించమనడం లేదు. బొమ్మ గీసినందుకు ఎం.ఎఫ్. హుసేన్ 2006లో దేశం వదిలి, 2011లో లండన్‌లో కన్నుమూశాడు. నిషేధాల రుచి మాకు తెలుసు. మేం అడిగేది మరో గోడ. డ్రాయింగ్ మాస్టార్లూ, ఈసారి ప్రదర్శన పెట్టేముందు మా వీధికి రండి. సైకిల్ షాపు, మిషన్ కుట్టే బూబమ్మ, రంజాన్ సాయంత్రం గంజి కోసం గిన్నె పట్టుకుని మసీదుకి పరిగెత్తే పిల్లలు, అన్నీ చూపిస్తాం. మా పిల్లలకి కాగితాలూ రంగులూ మేమే కొనిస్తాం. వాళ్ళు గీసినవి కూడా మేకు కొట్టి తగిలించండి. తర్వాత వచ్చి చూసేవాళ్ళే తేల్చుకుంటారు, పల్నాటి సాయిబు ఎట్లా ఉంటాడో.